స్ట్రాబెర్రీకి పుట్టిల్లు ఎక్కడ?



చలికాలం వచ్చిందంటే ఇప్పుడు మన బజార్లలో కూడా చిన్న చిన్న పెట్టెల్లో ఎర్రగా నిగనిగలాడుతూ స్ట్రాబెర్రీలు కనిపిస్తున్నాయి. ఒకప్పుడు ఆ పేరు మనకు ఐస్‌క్రీము కప్పు మీదా, జాము సీసా మీదా తప్ప మరెక్కడా తగిలేది కాదు. ఇప్పుడు మహాబలేశ్వరం నుంచి పెట్టెలకు పెట్టెలు దిగుతున్నాయి. మన మన్యంలో, చింతపల్లి దగ్గర లంబసింగి చలిలో రైతులు తోటలే వేస్తున్నారు. పిల్లలు చెయ్యి పట్టుకు లాగటం, మనం ధర విని రెండడుగులు వెనక్కు వెయ్యటం, ఆఖరికి ఒక పెట్టె కొనటం, ఇది అన్ని ఇళ్ళలోనూ జరిగే ముచ్చటే.

ఆ పండును ఎలా కడుక్కోవాలి, జాము ఎలా కాచుకోవాలి అన్నది ఇవాళ నేను చెప్పటం లేదు. దాని పుట్టింటివారిని గురించి చెబుతాను. బజారులో దొరికే ఈ లావుపాటి పండుకు అడవుల్లో, కొండకొమ్ముల్లో గోరంత గోరంత పళ్ళు కాసే చుట్టాలు ఇరవైకి పైగా ఉన్నాయి. వాటికోసం శాస్త్రజ్ఞులు హిమాలయాలు ఎక్కుతున్నారు, అగ్నిపర్వతాల వాలుల మీద తిరుగుతున్నారు. గోరంత పండుకోసం ఇంత అవస్థా అని మీకు అనిపించవచ్చు. అసలు అవస్థ వెతకటంలో కంటే, దొరికినదాన్ని ఫలానా అని గుర్తుపట్టటంలో ఉంది. అక్కడ పొరపాటు జరిగిందా, ఏళ్ళ తరబడి చేసిన పని వేరొక మొక్క ఖాతాలో జమ అయిపోతుంది.

ముందు మొక్క సంగతి. స్ట్రాబెర్రీ గులాబీ కుటుంబానికి చెందినది. జానెడు ఎత్తు మొక్క. కాడకు మూడేసి ఆకులు, మారేడు దళంలాగా. ఆకు అంచులు రంపపు పళ్ళలాగా. పువ్వుకు సాధారణంగా అయిదు తెల్లని రేకులు. మనం పండు అని తినేది నిజానికి పండు కాదు. పువ్వు రేకులూ కేసరాలూ కూర్చునే పీట ఒకటి ఉంటుంది చూశారూ, అది ఉబ్బి, రసం పట్టి ఎర్రనవుతుంది. దాని ఒంటినిండా నువ్వుగింజల్లా అంటుకుని ఉండేవే అసలు పళ్ళు. విత్తనం వాటి లోపల ఉంటుంది. మన జీడిమామిడిలోనూ ఇలాంటి తమాషాయే కదా! మనం పండనేది ఉబ్బిన కాడ. అసలు కాయ కింద వేలాడే జీడిగింజ.

సరస్వతి ఆకు తొట్టిలో వేసుకున్నవారికి ఇంకొక విషయం తేలికగా తెలుస్తుంది. ఆ మొక్క సన్నని తీగలు చాచి, ఎక్కడ కణుపు నేలకు ఆనితే అక్కడ వేళ్ళు దిగేసి పిల్లమొక్కను పెడుతుంది. స్ట్రాబెర్రీ కూడా అంతే. తీగకు పుట్టిన పిల్ల అచ్చు తల్లే. విత్తనానికి పుట్టినదానికి తల్లి పోలిక రావచ్చు, రాకపోవచ్చు. ఈ తేడాను కాస్త గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికి వస్తుంది.

ఇప్పుడు కథలోకి వస్తాను. 1712లో ఫ్రాన్సు ప్రభుత్వం ఫ్రెజియె అనే సైనిక ఇంజనీరును దక్షిణ అమెరికాకు పంపింది. పైకి వర్తకుడి వేషం. లోపల పని వేరు: స్పెయినువాళ్ళ కోటలు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఎంత బలంగా ఉన్నాయి అని పటాలు గీసుకురావటం. అంటే గూఢచారి అన్నమాట. ఆయన చిలీ దేశంలో కోటలతో పాటు స్ట్రాబెర్రీ చేలు కూడా చూశాడు. అక్కడి మాపూచే ప్రజలు ఎన్నో తరాలుగా పండిస్తున్న రకం అది. పండు అక్రోటుకాయంత, ఒక్కొక్కటి కోడిగుడ్డంత ఉండేదని ఆయన రాసుకున్నాడు. అప్పటికి యూరప్‌లో తెలిసినవి చిటికెనవేలి గోరంత పళ్ళే. వాటికి కాస్త పెద్దది, ఉత్తర అమెరికా తూర్పు తీరం నుంచి వచ్చిన వర్జీనియా స్ట్రాబెర్రీ. మరి ఇంతలేసి పళ్ళు చూస్తే ఎవరు మాత్రం వదిలిపెడతారు! బాగా కాసిన మొక్కలు ఏరి, ఓడ ఎక్కించాడు.

ప్రయాణం నెలల తరబడి. ఓడలో మంచినీళ్ళు కొలిచి పోస్తారు. మనుషులకే చాలని నీళ్ళు మొక్కలకు ఎవరిస్తారు? ఓడలోని సరుకుల అధికారి దయతలచి ఇచ్చాడు. 1714లో ఓడ తీరం చేరేసరికి బతికినవి అయిదే అయిదు మొక్కలు. అందులో రెండు, నీళ్ళిచ్చిన ఆ అధికారికే దక్కాయి. ఒకటి పారిస్‌లో రాజుగారి తోటకు వెళ్ళింది, ఒకటి ఆయన పై అధికారికి, ఒకటి తనకు. చరిత్ర పుస్తకాలు ఫ్రెజియె పేరే చెబుతాయి గాని, నాకు మాత్రం ఆ చెంబెడు నీళ్ళు పోసిన మనిషే పెద్ద దాత అనిపిస్తాడు. ఇంకొక చమత్కారం, ఫ్రెంచి భాషలో స్ట్రాబెర్రీని ఫ్రేజ్ అంటారు. ఇంటిపేరే పండు పేరయిన మనిషి ఆ పండును తెచ్చాడు!

అంత కష్టపడి తెచ్చిన మొక్కలు ఏపుగా పెరిగాయి, పూశాయి. కాయలు మాత్రం కాయలేదు. ఎందుకో తెలుసా? పెరట్లో బొప్పాయి వేసినవారు ఈపాటికి ఊహించే ఉంటారు. బొప్పాయిలో పోతుచెట్టు వేరు, కాసే చెట్టు వేరు. చిలీ స్ట్రాబెర్రీ కూడా ఆ బాపతే. ఫ్రెజియె బాగా కాసిన మొక్కలు చూసి ఏరాడు కదా, అందుకని అన్నీ ఆడమొక్కలే వచ్చాయి. పుప్పొడి ఇచ్చే పోతుమొక్క ఒక్కటీ రాలేదు. తరువాత తరువాత ఫ్రాన్సు పడమటి తీరంలో బ్రెస్ట్ ఊరి దగ్గర రైతులు వేరే జాతి స్ట్రాబెర్రీలు పక్కన నాటితే చిలీ మొక్కలు పళ్ళు కాయటం మొదలుపెట్టాయి. అలా చిలీ తల్లికీ వర్జీనియా తండ్రికీ యూరప్ తోటల్లో ఎవరూ ముహూర్తం పెట్టకుండానే జరిగిన పెళ్ళి ఫలమే ఈనాటి తోట స్ట్రాబెర్రీ. రెండు జాతుల పుట్టిళ్ళూ అమెరికా ఖండాల్లోనే. కలుసుకున్నది మాత్రం సముద్రం అవతల.

ఈ రహస్యం విప్పినవాడు డుషేన్ అనే కుర్రవాడు. ఇరవై ఏళ్ళు నిండలేదు. 1764లో కస్తూరి వాసన వేసే వేరొక జాతి పుప్పొడిని చిలీ పూలకు అంటించి, కాసిన పళ్ళను కుండీతో సహా పదిహేనవ లూయీ రాజుగారికి సమర్పించాడు. రాజుగారు ముచ్చటపడి, ఎక్కడెక్కడి స్ట్రాబెర్రీలనూ పోగుచేసి తన తోటలో పెంచమన్నారు. 1766లో డుషేన్ అచ్చువేసిన పుస్తకంలో స్ట్రాబెర్రీ జాతులన్నిటినీ విడదీసి, తోటల్లోకి కొత్తగా వచ్చిన లావు రకం చిలీ, వర్జీనియా జాతుల సంకరమని తేల్చాడు. సూక్ష్మంగా చూడటం ఒక్కటే ఆయన దగ్గరున్న సాధనం.

అంతా బాగానే ఉంది, పండు వచ్చేసింది, ఇక అడవిలో వెతకటం ఎందుకు అంటారా? చూడండి, ప్రపంచంలో ఇన్ని లక్షల ఎకరాల్లో పండే పంటకు మూలం వేళ్ళ మీద లెక్కపెట్టదగిన మొక్కలు. ఒక ఇంటి పిల్లలందరికీ ఒకే జబ్బు అంటుకున్నట్టు, దగ్గరి చుట్టరికం ఉన్న మొక్కలన్నీ ఒకే తెగులుకు లొంగిపోయే ప్రమాదం ఉంది. వేరుకుళ్ళును తట్టుకునే గుణం, మంచుకు ఓర్చే గుణం, మంచి వాసన, ఇవన్నీ ఆ గోరంత పళ్ళ మొక్కల్లో ఎక్కడెక్కడో దాక్కుని ఉన్నాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. చామంతులు చలికాలంలోనే ఎందుకు విరగబూస్తాయి? పగలు తగ్గి రాత్రి పెరగటమే వాటికి పిలుపు. పాత స్ట్రాబెర్రీ రకాలూ అంతే, పొద్దు పొట్టిదైతే గాని మొగ్గకు సిద్ధం కావు. అందుచేత ఏడాదిలో కొద్ది వారాలే పంట. 1950లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన రాయిస్ బ్రింగ్‌హర్స్ట్ అనే శాస్త్రజ్ఞుడికి, యూటా రాష్ట్రంలో వాసాచ్ కొండల మీద వర్జీనియా జాతి అడవి మొక్క ఒకటి దొరికింది. పగలు ఎంత పొడుగైనా దానికి లెక్కలేదు, పూస్తూనే ఉంటుంది. అది పోతుమొక్క. తన ఒంటిన ఒక్క పండైనా కాసి ఎరగదు. దాని పుప్పొడిని తోట రకాలకు అంటించి, పుట్టిన పిల్లలను మళ్ళీ మళ్ళీ తోట రకాలతోనే సంకరం చేస్తూ పోతే, మూడు తరాలకు పండు సైజు తిరిగి వచ్చింది, అడవి తండ్రి గుణమూ నిలిచింది. 1979లో ఆ వంశంలో మొదటి మూడు రకాలు విడుదలయ్యాయి. ఈనాడు కాలిఫోర్నియాలో నెలల తరబడి కాసే రకాలు చాలావాటికి మూలపురుషుడు ఆ కొండమీది పోతుమొక్కే. పళ్ళు కనిపించలేదు కదా అని ఆ రోజున దాన్ని దాటుకు వెళ్ళిపోయి ఉంటే?

సరే, కొండ ఎక్కాం, మారేడు దళంలాంటి ఆకులు కనిపించాయి. ఇది ఏ స్ట్రాబెర్రీ? అసలు స్ట్రాబెర్రీయేనా? ఇక్కడే కళ్ళకు పని. మనం జీలకర్ర, సోంపు, షాజీరా ఒక్క చూపులో విడదీస్తాం. కొత్త కోడలికి మొదట్లో అన్నీ ఒకటిగానే కనిపిస్తాయి. అలవాటు చేసే పనే ఇది కూడాను.

మొట్టమొదట చూడవలసినది పువ్వు రంగు. ఎర్రగా, గుండ్రంగా, చూడముచ్చటగా స్ట్రాబెర్రీ వేషంలో ఉండే మొక్క ఒకటి మన కొండ ఊళ్ళలో తోటల గట్లమీద, రాతిగోడల సందుల్లో పెరుగుతుంది. దాని పువ్వు పసుపుపచ్చన. అసలు స్ట్రాబెర్రీకి ఎక్కడా పసుపుపచ్చని పువ్వు ఉండదు. ఈ వేషధారి పువ్వు కింద ఆకుల్లాంటి చిన్న పత్రాలు అయిదు, కొసన మూడేసి పళ్ళతో కొట్టవచ్చినట్టు కనిపిస్తాయి. పండు పైకి చూస్తూ నిలబడుతుంది. కొరికితే రుచీ పచీ ఉండదు, చప్పిడి. దీనికి వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన పాత పేరు డుషేనియా ఇండికా. అవును, మన డుషేన్ పేరే! స్ట్రాబెర్రీల గుట్టు విప్పిన మనిషి పేరు స్ట్రాబెర్రీ కాని మొక్కకు పెట్టటం గౌరవమో, పరిహాసమో నాకైతే తెలియదు. ఇప్పుడు దాన్ని పొటెంటిల్లా అనే జాతిలో కలిపేశారు.

తెల్లపువ్వే అని తేలిందనుకోండి. అప్పుడు ఆకు పట్టుకోండి. మూడు దళాలలో నడిమిదాని కొసన ఉన్న పన్ను చూడాలి. అటూ ఇటూ ఉన్న పళ్ళకంటే అది చిన్నదిగా లోపలికి ఉంటే వర్జీనియా జాతి వైపు మొగ్గు. పొడుగ్గా గాని, సమానంగా గాని ఉంటే వెస్కా అనే అడవి స్ట్రాబెర్రీ కావచ్చు. యూరప్ అడవుల్లోనూ, ఆసియా, అమెరికాల్లోనూ దొరికేది ఈ వెస్కాయే. దాని ఆకు మీద ఈనెలు లోతుగా నొక్కినట్టుంటాయి, పూలు ఆకుల ఎత్తుకు, ఒక్కోసారి ఆకులను దాటి నిలబడతాయి. వర్జీనియా ఆకు నీలి ఛాయ కొడుతుంది, పూలు ఆకుల చాటున దాగుతాయి. చిలీ జాతి సముద్రపు ఒడ్డున ఇసుకలో పెరిగేది కనుక దాని ఆకు తోలులాగా దళసరిగా, మెరుస్తూ ఉంటుంది.

పండు దొరికితే ఇంకా మంచిది. పైనున్న గింజలు పండులోకి గుంటలు చేసుకుని కూర్చున్నాయా, పైకి తేలి ఉన్నాయా? పండు తొడిమ దగ్గరి పచ్చని రక్షకపత్రాలు వెనక్కు విచ్చుకున్నాయా, పండును కావలించుకుని ఉన్నాయా? వెస్కాలో వెనక్కు విచ్చుకుంటాయి. మన హిమాలయాల్లోని నుబికోలా అనే జాతిలో పండుకు అతుక్కుని ఉంటాయి. నుబికోలా అంటే మబ్బుల్లో కాపురం ఉండేదని అర్థం. ఎంత మంచి పేరు! పువ్వు కాడమీది నూగు కూడా వదలరు. ఆ వెంట్రుకలు కాడకు అంటుకుని పడుకున్నాయా, విడిగా నిక్కపొడుచుకున్నాయా అని భూతద్దం పెట్టి చూస్తారు. జపాను కొండల మీది ఇనుమె అనే జాతికైతే అయిదు రేకులు చాలవు, ఏడెనిమిది దాకా ఉంటాయి.

ఇన్ని చూసినా తేలని సందర్భాలు ఉంటాయి. అప్పుడు మొక్క లోపలికి చూడాలి. ప్రతి ప్రాణి జీవకణంలోనూ వంశలక్షణాలు మోసే క్రోమోజోములు ఉంటాయని మీరు వినే ఉంటారు. స్ట్రాబెర్రీల్లో అవి ఏడు గాజుల వరుసల్లా ఉంటాయనుకోండి. వెస్కా, నుబికోలా వంటివాటికి రెండే వరుసలు, పధ్నాలుగు గాజులు. కస్తూరి వాసన జాతికి ఆరు వరుసలు. చిలీకి, వర్జీనియాకు, మన తోట స్ట్రాబెర్రీకి ఎనిమిదేసి వరుసలు, అంటే యాభై ఆరు. పిల్లకు తల్లి సగం వరుసలు ఇస్తుంది, తండ్రి సగం ఇస్తాడు. ఎనిమిదీ ఎనిమిదీ కలిస్తే పిల్లకు నాలుగూ నాలుగూ ఎనిమిది, పేచీ లేదు. ఎనిమిది వరుసల తల్లికి రెండు వరుసల తండ్రిని కుదిర్చితే నాలుగూ ఒకటీ అయిదు. బేసి సంఖ్యను మళ్ళీ సగం చెయ్యటం ఎలా? ఆ పిల్ల సాధారణంగా గొడ్డుపోతుంది. అందుకని మొక్కకు ఎన్ని వరుసలో తెలియకుండా సంబంధం కలుపుకోవటానికి లేదు. లేత వేరు కొసను కోసి, రంగు వేసి, గాజుపలక మీద అదిమి, మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటే లెక్కపెడతారు. ఓపిక ఉండాలి.

ఈ లెక్కలో తేడా వస్తే ఏమవుతుందో రెండు సంగతులు వినండి. జపాను ఉత్తరపు కొసకు ఎగువన కురిల్ దీవులున్నాయి. అందులో ఇతురుప్ అనే దీవి మీద అత్సొనుపురి అగ్నిపర్వతపు వాలులో దొరికిన స్ట్రాబెర్రీని గుంటర్ స్టౌట్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు 1973లో కొత్త జాతిగా ప్రకటించాడు, ఎనిమిది వరుసలదని చెప్పాడు. అమెరికా ఖండాల బయట సహజంగా పుట్టిన ఎనిమిది వరుసల మొక్క! ఇంకేం, అమెరికా స్ట్రాబెర్రీలకు ముత్తవ్వ ఇదే కావచ్చునని ఆశలు పెరిగాయి. ఆ కొండ నుంచి తెచ్చిన మొక్కలను మళ్ళీ లెక్కపెట్టి 2009లో ప్రకటించినప్పుడు పది వరుసలు తేలాయి, డెబ్భై క్రోమోజోములు. ముత్తవ్వ అనుకున్నదాన్ని వేరే వరసలో కూర్చోబెట్టవలసి వచ్చింది.

రెండోది మన హిమాలయాలకు సంబంధించినది. ఇంగ్లండులో ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రంలో వెస్కాను నుబికోలాతో సంకరం చేసి, ఏ గుణం ఏ క్రోమోజోము మీద ఎక్కడుందో చూపే పటం తయారుచేసి 2004లో అచ్చువేశారు. ఎంతోమంది దాన్ని ఆధారం చేసుకుని పనిచేశారు. తీరా చూస్తే ఆ తండ్రి మొక్క నుబికోలా కాదు. మధ్య ఆసియా నుంచి హిమాలయాల పడమటి వైపు దాకా పెరిగే బుఖారికా అనే జాతి. రెండింటికీ పువ్వు తెలుపే, ఆకులు మూడే. పాకే తీగ కొమ్మలు వేసే తీరులో తేడా ఉంది, అంతే. పటం తప్పు కాలేదు, దాని మీద రాసిన పేరు తప్పయింది. కాని ఆ పేరు చూసి, అదే గుణం కోసం మరొకరు వెళ్ళి వేరే కొండలో, వేరే మొక్కను తవ్వి తెచ్చుకుంటే వాళ్ళ రెక్కల కష్టం ఎవరిస్తారు? మందుసీసా మీద చీటీ మారితే మనం ఎంత కంగారుపడతామో, ఇదీ అంతే.

మరీ విచిత్రం ఏమంటే, కొత్త జాతి కోసం దూరాలే పోనక్కరలేదు. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలో కార్వాలిస్ అనే ఊరుంది. ప్రపంచంలోని స్ట్రాబెర్రీలను పోగుచేసి కాపాడే ప్రభుత్వ కేంద్రం అక్కడే ఉంది. అక్కడ పనిచేసిన కిమ్ హమ్మర్ అనే శాస్త్రవేత్త, హొక్కైడో కొండల దాకా వెళ్ళి మొక్కలు సేకరించిన మహిళ, 2012లో ఒక కొత్త జాతిని లోకానికి చూపించింది. ఎక్కడిదనుకున్నారు? అదే రాష్ట్రంలోని కాస్కేడ్ కొండలది! అంతవరకూ దాన్ని వర్జీనియా జాతిలోనే జమకట్టేవారు. ఆకు పైభాగాన నూగు ఉందనీ, గింజ కామా గుర్తులాగా వంకరగా ఉందనీ, వరుసలు ఎనిమిది కాదు పది అనీ చూసేవరకు అది ఎవరికీ కొత్త కాలేదు. పెరట్లో పెట్టుకుని పేటంతా వెతికారంటే ఇదే.

మన దేశం సంగతి అడగరేం? హిమాలయాల్లో నుబికోలాతో పాటు ఇంకా ఎత్తుకు పోతే డాల్టోనియానా ఉంది. దాని పండు కోలగా, ఎర్రగా ఉంటుంది గాని లోపల దూదే. ఈశాన్య రాష్ట్రాల కొండల్లోనూ, చైనా నైరుతి మూలలోనూ పెరిగే జాతి ఒకదాని పేరు నీల్గెరెన్సిస్. అది నీలగిరుల పేరే. ఒంటినిండా నూగు, పండు పాలిపోయిన తెలుపు లేదా లేత గులాబి. చూస్తే పక్వానికి రాలేదేమో అనిపిస్తుంది. జపానువారు ఈ జాతిని తోట స్ట్రాబెర్రీతో కలిపారు. అవును, ఎనిమిదీ రెండూ. అయిదు వరుసల పిల్ల పుడుతుంది. వాళ్ళు ఆ అయిదింటినీ రెట్టింపు చేసి పది చేశారు. సరిసంఖ్య అయింది, సంసారం నిలబడింది. అలా వచ్చిన వంశంలోదే టోకున్ అనే రకం. లేత గులాబి రంగు, పీచ్ పండు వాసన. పాలిపోయిన పండని తీసిపారేసినదాని చలవే అదంతా.

సేకరించే పద్ధతి కూడా చెప్పాలి. ఇప్పుడు ఫ్రెజియెలాగా కనిపించిన మొక్కను ఓడెక్కించటానికి వీల్లేదు. మన దేశంలో 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. విదేశీయులెవరైనా పరిశోధనకు మన మొక్కలు తీసుకుపోవాలంటే చెన్నైలో ఉన్న జాతీయ సంస్థ అనుమతి ఉండాలి. సేకరించేవాళ్ళు ఒక కొమ్మను పువ్వుతో, ఆకుతో, వీలైతే పండుతో న్యూస్‌పేపరు మడతల్లో పెట్టి అదిమి ఎండబెడతారు. మనం పుస్తకంలో గులాబిరేకు దాచుకున్నట్టే, కాకపోతే దాని పక్కన ఊరు, ఎత్తు, తేదీ, చుట్టూ ఏ చెట్లున్నాయి, పువ్వు తాజాగా ఉన్నప్పుడు ఏ రంగు అన్నీ రాస్తారు. ఆ చీటీ పోతే ఆ కొమ్మ ఎండుగడ్డితో సమానం. పేరు ఎప్పుడు అనుమానం వచ్చినా సరిచూసుకునేది ఆ కొమ్మతోనే.

బతికున్న మొక్కను తెచ్చుకుంటే దాని పోషణ వేరు. విత్తనం దాచితే తల్లి పోలిక రాదని మొదట చెప్పాను కదా. అందుకని కార్వాలిస్‌లో ఒక్కొక్క మొక్కనూ కుండీలో పెట్టి, పేనుబంక పురుగులు దూరి వైరసు జబ్బులు అంటించకుండా సన్నని వలల ఇళ్ళలో పెంచుతారు. కొన్నిటి చిగుళ్ళను గాజు గొట్టాల్లో బతికిస్తారు. కొన్నిటిని అంతులేని చలిలో, ద్రవ నైట్రోజనులో భద్రం చేస్తారు.

2011లో వెస్కా వంశలిపి అంతా చదివేశారు. 2019లో తోట స్ట్రాబెర్రీది కూడా. ఆ ఎనిమిది వరుసల్లో వెస్కా వాటా, జపాను ఇనుమె వాటా స్పష్టంగా కనిపించాయి. మిగిలిన వాటాదారులెవరన్న మీద పండితులు ఇంకా వాదులాడుకుంటున్నారు. ఆ తగవు తీరాలంటే మళ్ళీ కొండలెక్కి, సరైన పేరుతో సరైన మొక్కను తెచ్చి పక్కన పెట్టి చూడవలసిందే.

ఈసారి వేసవి సెలవులకు పిల్లలతో ఊటీకో, ముస్సోరీకో వెళితే దారి పక్కన మారేడు దళంలాంటి ఆకుల కోసం చూడండి. ముందు పువ్వు. పసుపుపచ్చనిదైతే అది డుషేన్ పేరు మోసే వేషధారి. తెల్లనిదైతే వంగి నడిమి ఆకు కొసపన్ను చూడండి, రేకులు లెక్కపెట్టండి, పండుంటే దాని తొడిమ చూడండి. ఫోటో తీసుకుని, దాని కింద ఊరి పేరూ తేదీ రాసి పెట్టుకోండి. పిల్లలను నోట పెట్టుకోనివ్వకండి, మొక్కను మాత్రం పీకకండి.